రంగు వేయని ముక్క

మా ఆయనకూ నాకూ పెళ్లయిన కొత్తలోనే పోట్లాట అలవాటైంది. పెద్ద విషయాల మీద కాదు. పప్పులో ఉప్పు తక్కువైందా ఎక్కువైందా, ఫ్యాను ఎంత మీద తిరగాలి, ఈసారి పత్తికి ధర వస్తుందా రాదా, సర్పంచుగా ఎవరు గెలుస్తారు, ఇలాంటివి. ఆయనకు కాటారంలో ఎరువులు, విత్తనాల దుకాణం ఉండేది. నేను దగ్గరి ఊరి హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఇద్దరికీ రోజంతా ఎదుటివాళ్లకు నచ్చజెప్పడమే పని కాబట్టి, ఇంటికొచ్చాక ఒకరికొకరం నచ్చజెప్పుకునే ఓపిక మిగిలేది కాదు. ఆయన "నీ సైన్సు నీ బడిల వెట్టుకో" అంటే, నేను "మీ యాపారం మీ దుకాణంల వెట్టుకోండ్రి" అనేదాన్ని. అత్తమ్మ వాకిట్లో కూర్చుని "ఇగ మొదలువెట్టిండ్రు" అని నవ్వుకునేది. అన్నం ముందు మొదలైన వాదన చేతులు కడుక్కునేటప్పటికి ఎటో పోయేది. మరునాడు ఇంకొకటి. నాకది ఇష్టంగా ఉండేది. ఆయనకూ ఇష్టమేనని నాకు తెలుసు.

మా బిడ్డ హాస్టల్లో చేరిన ఏడాది నా కుడిచేతి మణికట్టుకు కొంచెం పైన, లోపలి వైపు, చర్మం కింద ఒక గడ్డ తేలింది. మొదట కందిగింజంత. నొప్పి లేదు. గిన్నెలు తోముతుంటే అంచు తగిలినప్పుడు మాత్రమే గుర్తొచ్చేది. కుంకుడుకాయంత అయ్యాక మా ఆయన చూశాడు. చూసిన రోజే పోట్లాట.

"దవాఖానకు పోదాం పా."

"పరీక్షలున్నయి పిల్లలకు. సెలవులల్ల పోదాం."

"పిల్లలకు పరీక్షలైతే నీ చేతికేమైంది? దానికి సెలవులున్నయా?"

ఆ పోట్లాటలో ఆయనే గెలిచాడు. ఈ మాట ముందే చెప్పాలి. తరువాత జరిగినదంతా విన్నవాళ్లు, ఆయన నన్ను పట్టించుకోలేదనుకుంటారు. అది నిజం కాదు. నన్ను బండి మీద కూర్చోబెట్టుకుని భూపాలపల్లికి తీసుకుపోయింది ఆయనే.

అక్కడ ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో సర్జన్ చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొవ్వు గడ్డలెక్కనే ఉన్నదమ్మా. చిన్న ఆపరేషనే" అన్నాడు. చేతికి మాత్రం మత్తిచ్చి తీసేశాడు. కుట్లు వేస్తూ, "అయినా ఒకసారి పరీక్షకు పంపితే మంచిది" అన్నాడు. ఆ 'అయినా' అన్న మాటను సర్జన్ అంత మామూలుగా అనకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. నర్సు ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి మా ఆయన చేతికిచ్చింది. లోపల ఘాటు వాసన వచ్చే మందునీళ్లలో నా గడ్డ, తెల్లగా, పొట్టు తీసిన చింతగింజలాగా ఉంది. "మా దగ్గర ల్యాబ్ లేదన్నా. హన్మకొండల ఇయ్యుండ్రి. నీళ్లు పారవొయ్యొద్దు" అని చెప్పింది.

ఆయన మరునాడే పోవాలనుకున్నాడు. ఆ పొద్దున యూరియా లారీ వచ్చింది. నాట్ల కాలం. వారంగా యూరియా కోసం తిరుగుతున్న రైతులు తెల్లవారకముందే దుకాణం ముందు చెప్పులు వరసగా పెట్టి కూర్చున్నారు. వాళ్లను వదిలి బస్సెక్కడం ఆయన వల్ల కాలేదు. డబ్బాను గల్లా వెనక, పురుగుమందు సీసాల పక్కన పెట్టాడు. ఆ మధ్యాహ్నం అత్తమ్మ అన్నం గిన్నె పట్టుకుని దుకాణానికి పోయింది. అక్కడేం జరిగిందో అత్తమ్మే నాకు తరువాత చెప్పింది.

"గిదేందిర?" అని అడిగిందట.

"ఆమె చేతిల తీసిన గడ్డ. రేపు హన్మకొండ వోయి ఇయ్యాలె."

"మనిషి ఒంట్ల ముక్కను గీ మందు సీసల నడుమ వెడ్తవా? ఊళ్లెంబడి తిప్పుతవా? ఎవడు కోస్తడో, ఏ మోరీల పారేస్తడో. డాక్టరు కొవ్వే అన్నడాయె. మన చెలకల మంచిగ భూమిల పెట్టు బిడ్డా."

సాయంత్రం రద్దీ తగ్గాక ఆయన మా చెలకకు, మెట్ట పొలానికి పోయాడు. మందునీళ్లు పారబోసి, ముక్కను నా పాత నైలాన్ చీర పేలికలో మూటకట్టి, మోటారు కొట్టం పక్కనున్న సీతాఫలం చెట్టు కింద పాతిపెట్టాడు. ఇంటికొచ్చి స్నానం చేసి, నా పక్కన మంచం మీద కూర్చుని చెప్పాడు. చెప్పేటప్పుడు కొంచెం సిగ్గుపడ్డాడు. "అమ్మ అన్నది. నాక్కూడ పారెయ్య బుద్ధిగాలె" అన్నాడు.

సైన్సు టీచర్ని. అప్పుడు నేను ఏమనాలో నాకు తెలిసి ఉండాలి. కానీ నా ఒంటిదైన ఒక ముక్కను ఆయన అంత భద్రంగా మా భూమిలో దాచాడంటే నాకు మంచిగా అనిపించింది. "కొవ్వేనన్నరు గదా" అన్నాను. ఇద్దరం ఇంకేదో మాట్లాడుకున్నాం. కుట్లు విప్పించుకోవడానికి పోయినప్పుడు సర్జన్ "రిపోర్టు వచ్చిందా?" అని అడిగాడు. "అంత మంచిగనే ఉన్నది సార్" అన్నాడు మా ఆయన. ఆయన అన్నది గాయం గురించి. సర్జన్ గాయాన్నే చూసి తల ఊపాడు. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు.

మరుసటి వానలకు గడ్డ మళ్లీ వచ్చింది. అదే చోట, మచ్చ కింద. ఈసారి గుండ్రంగా లేదు. చెట్టు వేర్లలా చేతిలో పైకి పాకింది. చూపుడువేలు, బొటనవేలు తిమ్మిరెక్కేవి. బోర్డు మీద బొమ్మ గీస్తుంటే చాక్‌పీసు జారి పడేది. పిల్లలు నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని. ఒకరోజు అన్నం ముద్ద చేతిలో నిలవలేదు. అప్పుడు మా ఆయన నా తమ్ముడికి ఫోన్ చేశాడు. వాడు మానుకోటలో కరెంటు ఆఫీసులో పని చేస్తాడు. హైదరాబాదులో పెద్ద క్యాన్సర్ దవాఖాన గురించి విచారించింది వాడే. వాడు మానుకోటలో రైలెక్కి వస్తే, మేము కాజీపేటలో కలిశాం.

అక్కడి డాక్టర్ నా చేతి మీది మచ్చను చూడగానే అడిగాడు. "ఇంతకు ముందు ఆపరేషన్ అయిందా? రిపోర్టు చూపించండి."

"రిపోర్టు లేదు సార్" అన్నాడు మా ఆయన.

"పోయిందా? ఏం ఫర్వాలేదు. ఏ ల్యాబులో ఇచ్చారో చెప్పండి. ముక్కను మైనంలో పెట్టి ఏళ్ల తరబడి దాచిపెడతారు. అది దొరికితే ఇప్పుడు కూడా రంగులేసి చూడొచ్చు."

"ల్యాబుల ఇయ్యలే సార్. భూమిల పెట్టినం."

డాక్టర్‌కు సరిగా వినపడలేదనుకుంటా, నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. తమ్ముడు "ఏంది బావా?" అన్నాడు. అప్పటిదాకా వాడికీ తెలియదు. డాక్టర్ కోప్పడలేదు. కాగితం మీద ఏదో రాసి, సూదితో కొత్త ముక్క తీయడానికి పంపించాడు.

ఫలితానికి కొన్ని రోజులు పడుతుందంటే కాటారం తిరిగొచ్చాం. మరునాడు పొద్దున లేచేసరికి ఆయన ఇంట్లో లేడు. పార కూడా లేదు. నేను చెలకకు నడిచిపోయాను. సీతాఫలం చెట్టు కింద ఆయన మోకాళ్ల లోతు గుంటలో నిలబడి తవ్వుతున్నాడు. చుట్టూ ఇంకో రెండు గుంటలు ఉన్నాయి, సరిగా ఎక్కడ పెట్టాడో గుర్తులేక. అత్తమ్మ ఒడ్డు మీద నిలబడి ఉంది. పక్క చెలకలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు.

"ఇడిసిపెట్టు కొడుకా. మట్టిల మట్టైపోయి ఉంటది" అంటోంది అత్తమ్మ.

ఆయన ఆగలేదు. కాసేపటికి పార అంచుకు ఏదో తట్టుకుంది. వంగి చేతులతో తీశాడు. నా చీర పేలిక. నైలాన్ కాబట్టి రంగు కూడా పెద్దగా పోలేదు. ఆయన వేసిన ముడి అలాగే ఉంది. ఆ ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. విప్పితే లోపల కొంచెం మట్టి ఉంది. ఆయన ఆ మట్టిని అరచేతిలో పోసుకుని వేలితో కదిపి చూశాడు. ఇంకా ఏదన్నా మిగిలి ఉంటుందని.

"ఇంటికి పోదాం పాండ్రి" అన్నాను.

ఆయన గుంటలన్నీ పూడ్చాకే వచ్చాడు.

హైదరాబాదు నుంచి కబురు వచ్చింది. మొదటి పరీక్షలో చెడ్డ గడ్డ అని తెలిసిందనీ, ఏ రకమో తేల్చడానికి ఇంకొన్ని రంగు పరీక్షలు చేస్తున్నామనీ. అవి కూడా అయ్యాక మళ్లీ పోయాం. చెయ్యి తీయాల్సి రావచ్చని డాక్టర్ నెమ్మదిగా చెప్పాడు. నేను ఏడవలేదు. ఎందుకో తెలియదు, "నా ముక్కను నేను చూడొచ్చా సార్?" అని అడిగాను. బడిలో ఉల్లిపొరను గాజుపలక మీద పరిచి, ఎర్ర రంగు చుక్క వేసి, మైక్రోస్కోపు కింద ఎందరు పిల్లలకు చూపించానో. నాదేదో నేను చూడకుండా చెయ్యి ఇచ్చేయడానికి నాకు మనసొప్పలేదు. డాక్టర్ ముందు వద్దన్నాడు. నేను పట్టుబట్టాను. చివరికి ల్యాబు డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

ఆ ల్యాబు గదికి పోవాలని నేను పట్టుబట్టకపోయి ఉంటే బాగుండేది. పోయినా, మా ఆయన్ను బయట తమ్ముడి దగ్గర కూర్చోమని చెప్పి ఉంటే బాగుండేది.

డాక్టరమ్మ నా వయసుదే. మాటతీరును బట్టి కోస్తా వైపు ఆమె అని తెలిసింది. "టీచరు గారా? రండి, కూర్చోండి" అని తన ఎదురుగా కూర్చోబెట్టింది. ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపు అది. మా ఆయన తలుపు దగ్గరే నిలబడ్డాడు.

ఆమె ఒక గాజుపలక పెట్టింది. "ఏం కనిపిస్తోంది?"

"ఏం కనవడ్తలేదు మేడం. అద్దం మీద తడి లెక్క ఉన్నది."

"ఇది రంగు వేయనిది. ఒంట్లోంచి తీసిన ఏ ముక్కనైనా ఇంత పల్చగా కోస్తే ఇలాగే ఉంటుంది. మంచిదైనా చెడ్డదైనా ఒకటే. ఇప్పుడు చూడండి."

పలక మార్చింది. గులాబీ నేల మీద ఊదారంగు గింజలు, కల్లంలో వడ్లు కుప్పపోసినట్టు, ఒకదాని మీద ఒకటి, ఒకే వాలుగా. ఇలా చెప్పకూడదేమో కానీ, చాలా అందంగా ఉంది.

"ఊదా రంగు కణం నడుమ ఉండే కేంద్రకానికి పడుతుంది. గులాబీ రంగు చుట్టూ ఉన్నదానికి పడుతుంది" అని ఆమె చెప్పుకుపోయింది. "మామూలుగా అయితే కేంద్రకాలు చిన్నగా, దూరదూరంగా ఉంటాయి. ఇక్కడ చూడండి, తోసుకుంటున్నాయి. కొన్ని రెండుగా చీలుతున్నాయి. దీన్ని బట్టి చెడ్డ గడ్డ అని చెప్పేశాం. కానీ ఇలాంటి సన్నపాటి కణాలు నరం గడ్డలోనూ ఉంటాయి, కండరం గడ్డలోనూ ఉంటాయి. ఒక్కోదానికి వైద్యం ఒక్కోలా ఉంటుంది. ఈ రెండు రంగులతో ఆ తేడా తెలియదు."

అందుకని అదే ముక్క నుంచి ఇంకొన్ని పొరలు కోసి, ఒక్కోదాని మీద ఒక్కో మందు వేశారట. ఒక్కో మందు ఒక్కో రకం ప్రోటీన్‌ను వెతికి దానికే అంటుకుంటుంది. అంటుకున్నచోట గోధుమరంగు తేలుతుంది. దొరక్కపోతే ఏ రంగూ రాదు. "నరానికి సంబంధించింది వేశాం, రాలేదు. కండరానికి సంబంధించింది వేశాం, రాలేదు. రాకపోవడం కూడా మాకు జవాబే. ఇది చూడండి" అని చివరి పలక పెట్టింది. కేంద్రకాలన్నీ కాఫీపొడి అద్దినట్టు ముదురు గోధుమరంగులో ఉన్నాయి. "ఇది వచ్చాక, మొదట చూసిన రూపంతో కలిపితే పేరు తేలింది. పేరు తెలిసింది కాబట్టే ఏ మందు ఎక్కించాలో, ఎంతవరకు తీయాలో మీ డాక్టరు గారు చెప్పగలుగుతున్నారు."

అప్పుడు మా ఆయన తలుపు దగ్గర నుంచి, "నేను జర చూడొచ్చా మేడం?" అన్నాడు.

నేను లేచాను. ఆయన నా కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"మొదటిసారి తీసిన గడ్డ గింతే ఉండె మేడం, కుంకుడుకాయంత. అది మీకు తెచ్చిస్తే, గీ రంగు అప్పుడు గూడ గిట్లనే కనవడునా?"

డాక్టరమ్మకు మా కథ తెలియదు. అయినా ఆయన గొంతులో ఏదో విని ఉంటుంది. నేను ఆమె వైపు తిరిగి తల అడ్డంగా ఊపాను, చెప్పొద్దని. ఆమె నా వైపు చూడలేదు.

"కనబడేదండీ" అంది.

"అప్పుడైతే చెయ్యి?"

"అది నేను కచ్చితంగా చెప్పలేను. చిన్నగా ఉన్నప్పుడే తెలిస్తే చుట్టూ ఇంకొంచెం తీసి చేతిని ఉంచే అవకాశం ఎక్కువ. మందునీళ్లలో ఉంచి పంపితే చాలు, ఎంత దూరం నుంచైనా చూడగలం."

ఆయన "మంచిది మేడం" అని లేచి నమస్కారం పెట్టాడు. ఆమె చెప్పింది అబద్ధం కాదు. డాక్టరు అబద్ధం చెప్పాలని కోరుకోవడం తప్పేనేమో. కానీ ఆ ఒక్కసారికి చెప్పి ఉంటే ఆమె సొమ్మేం పోయేదని చాలాకాలం ఆమె మీద కోపంగా ఉన్నాను.

మందులు ఎక్కించారు, జుట్టు రాలింది. తరువాత మోచేతి కింది నుంచి చెయ్యి తీసేశారు. ఆ ముక్కను కూడా పరీక్షించారు. అంచుల్లో ఎక్కడా ఆ ఊదా గింజలు లేవని చెప్పారు. నేను బతికాను. ఎడమచేత్తో అన్నం తినడం, జాకెట్ హుక్కులు పెట్టుకోవడం, బోర్డు మీద రాయడం నేర్చుకున్నాను. మొదట్లో నా అక్షరాలు పిల్లల అక్షరాల కన్నా అధ్వానంగా ఉండేవి. హాస్టల్ నుంచి సెలవులకొచ్చిన మా బిడ్డ, కొత్తగా మొలిచిన నా పొట్టి జుట్టుకు నవ్వుకుంటూ జడ వేయబోయేది. చెయ్యి లేకపోవడానికి మనిషి అలవాటు పడతాడు. నేను అనుకున్నదానికన్నా తొందరగానే పడ్డాను.

ఆయన మాత్రం అలవాటు పడలేదు.

మొదట నేను గమనించలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైంది ఒకరోజు, ఎడమచేతి కొలత ఇంకా కుదరక. ఆయన మాట్లాడకుండా తినేశాడు. నొప్పించకూడదని అనుకున్నాడేమోలే అనుకున్నాను. ఫ్యాను నేను ఎంత మీద పెడితే అంతే. టీవీలో నేను ఏది పెడితే అదే. నేను ఒకసారి కావాలనే, ఆయనకు అసలు గిట్టని మనిషిని సర్పంచుగా గెలిపించాలని అన్నాను. "నువ్వన్నట్టే చేద్దాం" అన్నాడు. ఆ మరునాడు పప్పులో పిడికెడు ఉప్పు వేశాను. ఆయన కలుపుకుని తినబోతుంటే కంచం లాక్కున్నాను.

"తిట్టుండ్రి" అన్నాను. "ఒక్కసారి తిట్టుండ్రి. అన్నం ఇట్ల వండుతరా అని అడుగుండ్రి."

"ఎందుకే? ఒక్క చేత్తోని గింత వండిపెడ్తున్నవు."

"చెయ్యి గురించి గాదు నేను మాట్లాడేది. భూమిల వెట్టినమని చెప్పిన్నాడు నాక్కూడ మంచిగనే అనిపించింది. నేను గూడ వద్దనలే. మీరొక్కలే ఎందుకు మోస్తున్నరు?"

ఆయన చేతికంటిన మెతుకులు దులుపుకున్నాడు. "డబ్బ నా చేతికిచ్చిండ్రు" అన్నాడు. ఆ తరువాత ఆ విషయం మీద ఆయన నోటి నుంచి ఇంకో మాట రాలేదు.

అత్తమ్మ కూడా ప్రయత్నించింది. "నేను జెప్పంగనే చేసిండు బిడ్డా. నన్ను తిట్టుమను. కొడుకు తిడితే నాకింత బువ్వ మింగుడు పడ్తది" అనేది నాతో. ఆయన తల్లిని కూడా ఒక్క మాట అనలేదు. ఆమెకు రోజూ కాళ్లు పిసికేవాడు. ఆ తరువాత ఒక వానాకాలంలో అత్తమ్మ పోయింది. చివరి రోజుల్లో నా మొండిచేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

ఇంట్లో నోరు విప్పని మనిషి బయట మాత్రం ఒక పని పట్టుకున్నాడు. ఊళ్లో ఎవరికి ఏ గడ్డ తీసినా, ఏ పుండు కోసినా అక్కడికి పోయేవాడు. "ముక్క పరీక్షకు ఇచ్చిండ్రా? నాకియ్యుండ్రి, నేను వోత" అని డబ్బా తీసుకుని హన్మకొండ బస్సెక్కేవాడు. సీటు కింద పెట్టకుండా దారంతా ఒళ్లో పట్టుకుని కూర్చునేవాడట, కండక్టర్ ఒకతను నవ్వుతూ చెప్పాడు. మొదట్లో జనం మెచ్చుకున్నారు. అన్నీ మామూలు గడ్డలే అని వచ్చేవి. తరువాత ఒక రైతు భార్యకు చెడ్డదని వచ్చింది. నిజానికి తొందరగా తెలిసింది కాబట్టే ఆమెకు వైద్యం అందింది. కానీ ఊరు అలా అనుకోలేదు. ఆయన చెయ్యి పడితే చెడ్డదే వస్తుందని గుసగుసలు మొదలయ్యాయి. ఒక పెద్దమనిషి, మాకు దగ్గరి చుట్టమే, తన చెల్లెలికి మెడ మీద గడ్డ తీసినప్పుడు వాకిట్లోనే అడ్డంగా నిలబడి, "నీకు దండం వెడ్త, మా ఇంటికి రాకు" అన్నాడు. మునుపటి మా ఆయనైతే ఆ వాకిట్లోనే అతనితో గంటసేపు వాదించేవాడు. ఈయన సరేనని తిరిగొచ్చాడు. దుకాణానికి గిరాకీ కూడా తగ్గింది.

తమ్ముడు ఇదంతా చూసి, బదిలీ పెట్టుకొమ్మన్నాడు. జనగామ అయితే హైదరాబాదుకు రైల్లో పరీక్షలకు పోయిరావడం తేలిక. ఆరోగ్య కారణాల కింద నాకు రఘునాథపల్లి వైపు బడి దొరికింది. "దుకాణం అమ్మేద్దామా?" అని ఆయన్ను అడిగాను. తాత చేతి నుంచి వచ్చిన దుకాణం. నేను ఆయన వద్దంటాడని, కనీసం ఒక రోజైనా కొట్లాడతాడని ఆశపడ్డాను. "అమ్మేద్దాం" అన్నాడు.

ఇప్పుడు జనగామలో ఉంటున్నాం. ఏటా పోయి చూపించుకుంటున్నాను, అంతా బాగుందంటున్నారు. కిందటిసారి ఆ ల్యాబు డాక్టరమ్మ మెట్ల మీద ఎదురైంది. నన్ను గుర్తుపట్టి నా ఎడమచేతిని పట్టుకుంది. "సారు ఎలా ఉన్నారు?" అని అడిగింది. నా గురించి కాదు, ముందు ఆయన గురించే అడిగింది. అప్పటిదాకా ఉన్న కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ రోజు మా ఆయన ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో ఆమెకు తరువాత మా డాక్టరు చెప్పాడట. "ముందే తెలిసి ఉంటే ఇంకోలా చెప్పేదాన్నేమోనండీ" అంది. ఇంకోలా ఎలా చెప్పేదని నేను అడగలేదు.

ఇక్కడి బడిలో మా పాత సంగతులు ఎవరికీ తెలియవు. రోజూ నన్ను బండి మీద దింపేది ఆయన, తీసుకుపోయేది ఆయన. టిఫిన్ డబ్బా మూత వదులు చేసి ఇస్తాడు, నాకు తిప్పడం కష్టమవుతుందని. తోటి టీచర్లు చూస్తుంటారు.

"గంత మంచి మనిషి దొరుకుడు నీ అదృష్టం అక్కా" అంది మొన్న ఒకామె. "మా ఇంట్ల ఆయనైతే పొద్దుగాల లేస్తే లొల్లే."

"అవును, అదృష్టమే" అన్నాను. లొల్లి పెట్టే మనిషి నాకూ ఉండేవాడని ఆమెకు ఎలా చెప్పను.

సాయంత్రం గంట కొట్టాక బయటికొచ్చాను. ఆయన గేటు అవతల బండి దగ్గర, నెత్తి మీద తువ్వాల కూడా లేకుండా ఎండలో నిలబడి ఉన్నాడు. నాలుగడుగుల దూరంలో వేపచెట్టు నీడ ఉంది.

"ఆ నీడకు నిలవడ రాదా? బీపీ ఉన్నది మీకు" అన్నాను, గొంతు కొంచెం పెంచి.

"సరే" అని ఆయన బండి తోసుకుంటూ నీడకు పోయి నిలబడ్డాడు.